ఆర్‌సీ మోటార్ వేడెక్కకుండా చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రిమోట్‌తో నడిపే (ఆర్‌సీ) కారు కావచ్చు, పడవ కావచ్చు, విమానం కావచ్చు, మోటార్ వేడి గురించి వచ్చే సందేహాలు తిరిగి తిరిగి అవే. అందుకే వాటిని దశలవారీగా ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకా జవాబు విడిగా చదువుకోవచ్చు. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే. ముందే ఒక మాట: ఫ్యానూ, హీట్‌సింకూ (వేడిని లాగే లోహపు రెక్కలు) పుట్టిన వేడిని బయటికి పంపుతాయి, అంతే. అసలు ఎంత వేడి పుట్టాలో తేల్చేవి గేరు, ప్రొపెల్లర్, వోల్టేజీ. ఈ తేడా పట్టించుకోకుండా ఫ్యాను మీద ఫ్యాను తగిలించేవాళ్లే ఎక్కువ మోటార్లు కాల్చుకుంటారు.

## కొనేటప్పుడు

మోటార్ ఎంత వేడి వరకు ఉండొచ్చు?

బ్రష్‌లెస్ (కరెంటు అందించే బ్రష్‌లు లేని) మోటార్ క్యాన్ (బయటి లోహపు డబ్బా) మీద 70° లోపు ఉంటే నిశ్చింత. 70 నుంచి 80 మధ్య ఉంటే ఆ సెటప్ అంచున నడుస్తోందని అర్థం. 80 దాటితే ఆపేయాలి. క్యాన్ పైన కనిపించే అంకె కంటే లోపలి తీగచుట్ట ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉంటుంది. రాగి తీగ మీది ఎనామెల్ 150° పైన కూడా తట్టుకోగలదు. ముందుగా దెబ్బతినేది సాధారణంగా అయస్కాంతం. నియోడిమియం అయస్కాంతాల్లో మామూలు రకం 80° వరకే నమ్మకం. పేరు చివర ‘ఎస్‌హెచ్’ ఉన్నవి 150°, ‘యూహెచ్’ ఉన్నవి 180° వరకు ఆగుతాయి. మోటార్ పెట్టె మీద ఈ వివరం లేకపోతే మామూలు రకమే అనుకుని నడపడం మేలు.

ఎక్కువ కేవీ మోటార్ ఎక్కువ వేడెక్కుతుందా?

కేవీ ఒక్కటే దోషి కాదు. కేవీని, వోల్టేజీని, గేరును కలిపి చూడాలి. కేవీ అంటే లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు. 3300 కేవీ మోటార్‌కు 2ఎస్ లైపో బ్యాటరీ (రెండు సెల్స్, 7.4 వోల్టులు) పెడితే సుమారు 24,400 చుట్లు, 3ఎస్ (11.1 వోల్టులు) పెడితే సుమారు 36,600 చుట్లు. వోల్టేజీ ఒకటిన్నర రెట్లు అయింది కాబట్టి, అదే వేగం చాలనుకుంటే 21 పళ్ల పినియన్ (మోటార్ షాఫ్ట్ మీది చిన్న గేరు) తీసి 14 పళ్లది వేయాలి. చాలామంది బ్యాటరీ మార్చి పినియన్ సంగతి మర్చిపోతారు. ‘3ఎస్ పెట్టగానే మోటార్ పొగలొచ్చింది’ అన్న మాట వెనక దాదాపు ఎప్పుడూ ఉండేది ఇదే. బరువైన బండికి తక్కువ కేవీ, ఎక్కువ సెల్స్ అనే జోడీ చల్లగా నడుస్తుంది. అంతే పనికి తక్కువ కరెంటు సరిపోతుంది మరి.

ఇన్‌రన్నర్, అవుట్‌రన్నర్, బ్రష్డ్: చల్లబరచడంలో తేడా ఏమిటి?

వేడి పుట్టే తీగచుట్ట ఎక్కడుందో చూస్తే సగం తెలిసిపోతుంది.

ఇన్‌రన్నర్‌లో తీగచుట్ట క్యాన్ లోపలి గోడకు ఆనుకుని ఉంటుంది. వేడి నేరుగా క్యాన్‌కు చేరుతుంది కాబట్టి పైన తొడిగే హీట్‌సింక్ బాగా పనిచేస్తుంది.

అవుట్‌రన్నర్‌లో తిరిగేది బయటి గిన్నె, తీగచుట్ట మధ్యలో ఉంటుంది. తిరిగే గిన్నెకు హీట్‌సింక్ తగిలించలేం. వేడి వెనక ఉన్న మౌంట్ ద్వారా పోవాలి, లేదా గిన్నె రంధ్రాల గుండా పారే గాలితో పోవాలి. మౌంట్ ప్లాస్టిక్‌దో చెక్కదో అయితే మొదటి దారి మూసుకుపోయినట్టే.

బ్రష్డ్ మోటార్‌లో తీగచుట్టే తిరుగుతుంది, అయస్కాంతాలు క్యాన్‌కు అతికి ఉంటాయి. తీగ నుంచి క్యాన్‌కు మధ్య గాలి ఖాళీ ఉంటుంది కాబట్టి క్యాన్ మీది హీట్‌సింక్ ప్రభావం తక్కువ. బ్రష్‌లు, కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి భాగం) ఉన్న వైపు కిటికీల్లోకి గాలి కొట్టేలా ఫ్యాను పెడితేనే ఫలితం.

## బిగించేటప్పుడు

పినియన్ ఎన్ని పళ్లది వేయాలి?

తయారీదారు పట్టికలో మీ మోటార్‌కు రాసిన దానికంటే ఒకటి రెండు పళ్లు తక్కువతో మొదలుపెట్టండి. వేడి చూసి, అవకాశం ఉంటే ఒక్కో పన్ను పెంచుకుంటూ వెళ్లండి.

రెండు పళ్లు ఎంత తేడా తెస్తాయో చూడండి. 87 పళ్ల స్పర్‌కు (పినియన్ తిప్పే పెద్ద గేరుకు) 23 పళ్ల పినియన్ వేస్తే నిష్పత్తి 3.78. దాన్ని 21 చేస్తే 4.14. చక్రాల దగ్గర అదే తోపుకు కరెంటు సుమారు 9 శాతం తగ్గుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది సుమారు 17 శాతం తగ్గుతుంది. చిన్న పళ్ల చక్రం ఒకటి మార్చినందుకు ఇంత ఫలితం ఏ ఫ్యానూ ఇవ్వదు.

అలాగని మరీ చిన్నది వేసినా మంచిది కాదు. మోటార్ ఎప్పుడూ చివరి చుట్ల దగ్గరే గిరగిరా తిరుగుతుంటే ఈసారి రాగిలో కాక, స్టేటర్ (మోటార్‌లో తిరగని భాగం) ఇనుప రేకుల్లో వేడి పుడుతుంది. పినియన్ తగ్గించిన కొద్దీ వేడి తగ్గి, ఒక దశ తర్వాత మళ్లీ పెరగడం మొదలైతే ఆ దశే మీ హద్దు.

మార్చాక గేరు మెష్ (పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చునే బిగుతు) కూడా సరిచూసుకోండి. సన్నటి కాగితం ముక్కను రెండు గేర్ల మధ్య పెట్టి, నొక్కి బిగించి, తిప్పి బయటికి తీయండి. కాగితం చిరగకుండా మడతలు పడి వస్తే సరి. బిగుతుగా ఉంటే మోటార్ అనవసరంగా మోస్తుంది, వదులైతే పళ్లు అరుగుతాయి.

గేరు ముట్టుకోలేదు. పెద్ద టైర్లు వేశాక వేడెక్కుతోంది, ఎందుకు?

పెద్ద టైరు వేయడమంటే పెద్ద పినియన్ వేయడమే. 85 మి.మీ. వ్యాసం ఉన్న టైరు తీసి 100 మి.మీ.ది వేస్తే, 17 పళ్ల పినియన్ స్థానంలో 20 పళ్లది వేసినంత భారం. టైరు బరువు పెరగడం దీనికి అదనం. పాత వేడికి రావాలంటే పినియన్‌ను అదే దామాషాలో తగ్గించండి. వేగం పాతంతే ఉంటుంది, బండి ఎత్తు మాత్రం మిగులుతుంది.

హీట్‌సింక్ తగిలించినా ఏమీ తేడా కనబడలేదే?

హీట్‌సింక్‌కూ క్యాన్‌కూ మధ్య గాలి పొర మిగిలి ఉంటుంది. తీసి లోపలివైపు చూడండి. గీతలు పడ్డ చోటే తగులుతోంది, మిగతాది గాల్లో ఉంది. 540 సైజు మోటార్ వ్యాసం 36 మి.మీ.; హీట్‌సింక్ కూడా ఆ కొలతకే చేసినదై ఉండాలి. రెండు ముఖాలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, థర్మల్ పేస్ట్ సన్నటి పొరగా పూయండి. కింద లోహం మసకగా కనబడేంత పలుచన చాలు. దట్టంగా పూస్తే అదే అడ్డుగోడ అవుతుంది. రెక్కల మధ్య గాలి పారే దిశలో హీట్‌సింక్‌ను తిప్పి పెట్టండి, ఎండ్‌బెల్ (మోటార్ చివరి మూత) కిటికీలను మూయొద్దు. గాలి ఆడని బాడీలో హీట్‌సింక్ వేడెక్కడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది, అంతకు మించి ఏమీ చేయదు.

ఫ్యాను ఏ వైపు పెట్టాలి? కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి?

గాలి మోటార్ మీదికి కొట్టాలి. మామూలు చిన్న ఫ్యాన్లలో స్టిక్కర్ అంటించిన వైపు నుంచే గాలి బయటికి వస్తుంది. ఆ వైపు మోటార్‌కు ఎదురుగా ఉండాలి. అనుమానం ఉంటే తిరిగే ఫ్యాను ముందు సన్నటి కాగితం పట్టుకుంటే తెలిసిపోతుంది. ఫ్యానుకూ హీట్‌సింక్‌కూ మధ్య కొన్ని మి.మీ. ఖాళీ వదలండి, మరీ అతికిస్తే గాలికి పారే చోటుండదు.

కరెంటు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 5 వోల్టుల ఫ్యానును నేరుగా 2ఎస్ బ్యాటరీకి కలిపితే, నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ 8.4 వోల్టులు ఇస్తుంది. ఫ్యాను కొన్నాళ్లు జోరుగా తిరిగి ఒకరోజు ఆగిపోతుంది. అది ఆగిన సంగతి మోటార్ కాలాకే మీకు తెలుస్తుంది. 5 లేదా 6 వోల్టుల ఫ్యానును రిసీవర్‌లో (రిమోట్ సంకేతాన్ని అందుకునే పెట్టెలో) ఖాళీగా ఉన్న ఛానెల్‌కు పెట్టండి. 8.4 వోల్టులకు తగినదని రాసి ఉంటేనే బ్యాటరీకి నేరుగా కలపండి. అతివేగపు ఫ్యాన్లు ఎక్కువ కరెంటు లాగుతాయి. ఈఎస్‌సీలోని (మోటార్ వేగాన్ని అదుపుచేసే పెట్టెలోని) బీఈసీ (రిసీవర్‌కు, సర్వోకు తక్కువ వోల్టేజీ ఇచ్చే భాగం) చిన్నదైతే, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్) గట్టిగా తిరిగిన క్షణంలో రిసీవర్ రీసెట్ కావచ్చు. అలా జరిగితే ఫ్యానుకు విడిగా బీఈసీ పెట్టుకోండి.

మోటార్ బిగించే స్క్రూల వల్ల కూడా వేడెక్కుతుందా?

అవును, అదీ ప్రమాదకరంగా. స్క్రూ పొడవెక్కువైతే మొన లోపలికి వెళ్లి తీగచుట్ట ఎనామెల్‌ను గీరుతుంది. రెండు మూడు స్క్రూలు అలా తగిలితే క్యాన్ గుండా షార్ట్. మోటార్ పత్రంలో ఇచ్చిన లోతుకు మౌంట్ మందం కలిపి స్క్రూ పొడవు ఎంచుకోండి. మోటార్ మార్చినప్పుడల్లా ఇది మళ్లీ కొలవాలి, పాత స్క్రూలు కొత్తదానికి సరిపోతాయన్న హామీ లేదు.

బాడీకి రంధ్రాలు పెట్టాలా?

పెట్టాలి, ముఖ్యంగా వెనక. ముందు నుంచి గాలి ఎలాగో ఒకలా దూరుతుంది, బయటికి పోయే దారే ఉండదు. పాలికార్బొనేట్ బాడీ వెనక కిటికీలో పెద్ద రంధ్రం కోస్తే వేడి గాలికి దారి దొరుకుతుంది. పోటీల్లో నడిపేవాళ్లు కోసే ముందు నిబంధనలు చూసుకోండి.

## నడిపేటప్పుడు

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ 45 చూపిస్తోంది, ముట్టుకుంటే కాలుతోంది. ఏది నిజం?

చెయ్యే నిజం. మెరిసే అల్యూమినియం తన వేడిని ఇన్‌ఫ్రారెడ్‌గా చాలా తక్కువ వదులుతుంది, పక్కనున్న వస్తువుల వేడిని అద్దంలా తిప్పి చూపిస్తుంది. అందుకే గన్ తక్కువ అంకె ఇస్తుంది. క్యాన్ మీద మసక నలుపు టేప్ చిన్న ముక్క అంటించి, ఎప్పుడూ ఆ ముక్క మీదే కొలవండి. గన్‌ను రెండు మూడు సెం.మీ. దూరంలో పట్టుకోండి, దూరం జరిగితే పక్కనున్న చాసిస్ వేడిని కూడా కలిపి చదువుతుంది. ఎండ్‌బెల్ రంధ్రంలోంచి తీగచుట్ట కనబడే మోటార్ అయితే అక్కడా ఒకసారి కొలవండి, ఆ అంకె ఇంకా నమ్మదగినది.

బండి ఆగిన వెంటనే ఒకసారి, రెండు మూడు నిమిషాల తర్వాత మరోసారి చూడాలి. గాలి ఆగిపోయాక లోపలి వేడి బయటికి చేరుతుంది కాబట్టి రెండో అంకె ఎక్కువ రావచ్చు. పోల్చుకోవడానికి ఆ ఎక్కువ అంకెనే రాసిపెట్టుకోండి.

థర్మామీటర్ లేకుండా వేలితో చూస్తే చాలదా?

హెచ్చరికగా చాలు, కొలతగా చాలదు. 60° దగ్గర ఉన్న లోహం మీద వేలు కొన్ని క్షణాలు ఉంచితేనే చర్మం కాలుతుంది. ఆ పైన 70 ఏదో 100 ఏదో వేలికి తెలియదు. నీటి చుక్క వేస్తే చుయ్‌మని మరిగిందంటే 100° దాటేసిందన్నమాట. అప్పటికే ఆలస్యం.

కొత్త సెటప్‌ను మొదటిసారి ఎలా పరీక్షించాలి?

రెండు నిమిషాలు నడిపి ఆపి కొలవండి. 60 లోపుంటే మరో మూడు నిమిషాలు, మళ్లీ కొలత. అప్పటికీ 70 లోపుంటే బ్యాటరీ అయిపోయేదాకా నడిపి చివర కొలవండి. మీరు రోజూ నడిపే నేల మీదే పరీక్షించాలి. నున్నటి సిమెంటు మీద 55 చూపించిన బండి, ఎత్తైన గడ్డిలో అదే సమయానికి 85 దాటగలదు. రెండు నిమిషాలకే 75 వచ్చేస్తే ఇక ముందుకు పోవద్దు, పినియన్ మార్చండి.

క్రాలర్ (రాళ్లెక్కే బండి) నత్తనడక నడుస్తోంది కదా, అయినా ఎందుకు కాలుతోంది?

నెమ్మదిగా నడుస్తోంది కాబట్టే. మోటార్ తిరిగేకొద్దీ బ్యాటరీకి ఎదురుగా తానే కొంత వోల్టేజీ పుట్టిస్తుంది, అదే కరెంటును అదుపులో ఉంచుతుంది. రాయికి చక్రం ఇరుక్కుని మోటార్ ఆగిపోయినప్పుడు ఆ ఎదురు వోల్టేజీ సున్నా. వచ్చిన కరెంటంతా వేడే అవుతుంది, తీగను చల్లార్చే గాలీ ఆడదు. బ్రష్డ్ మోటార్ అయితే కమ్యుటేటర్‌లో ఒకే చోట కరెంటు నిలబడి ఆ చోటు మాడుతుంది. ఇరుక్కుంటే రెండు క్షణాలకు మించి త్రాటిల్ పట్టి ఉంచకండి. వెనక్కి తీసి దారి మార్చండి. గేరు బాగా తగ్గించండి, క్రాలర్‌కు వేగంతో పనేముంది.

ఒక బ్యాటరీ అవగానే ఇంకోటి పెట్టేయొచ్చా?

మోటార్ 40 దగ్గరికి దిగేదాకా ఆగండి. బాడీ తీసి పక్కన పెడితే పది, పదిహేను నిమిషాలు. 65 దగ్గరున్న మోటార్‌తో రెండో బ్యాటరీ మొదలుపెడితే, మొదటిసారి ఆఖర్న చేరిన వేడికి ఈసారి సగంలోనే చేరుతుంది. పైగా వేడి రాగి నిరోధం ఎక్కువ: 25 నుంచి 100 డిగ్రీలకు వెళ్లేసరికి 30 శాతానికి దగ్గరగా పెరుగుతుంది. అదే కరెంటుకు ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా నిరోధం.

ఎండ మండుతున్న రోజు గేరు మార్చాలా?

25° గాలిలో 70కి ఆగిన మోటార్, 40° గాలిలో 85కి చేరుతుంది. గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే మోటార్ కనీసం అన్ని డిగ్రీలు పెరుగుతుందని లెక్క వేసుకోండి. పినియన్‌లో ఒకటి రెండు పళ్లు తగ్గించండి, లేదా నడిపే సమయం తగ్గించండి.

## నీళ్లలో, గాల్లో

పడవలో వాటర్ జాకెట్ ఉంది, నీళ్లు సరిగా పారుతున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఒడ్డు మీద ఉన్నప్పుడే లోపలికి తీసుకునే గొట్టంలో నోటితో ఊదండి. గాలి అడ్డం లేకుండా బయటి రంధ్రం నుంచి రావాలి. నీళ్లలో దించాక, పడవ వేగం అందుకోగానే పక్కనుంచి సన్నటి ధార కనబడాలి. ధార ఆగితే వెంటనే ఒడ్డుకు తెచ్చేయండి. నాచు అడ్డుపడటం, సిలికాన్ ట్యూబు మలుపు దగ్గర నొక్కుకుపోవడం, ఈ రెండే ఎక్కువ. మూత మూసేటప్పుడు ట్యూబు మడతపడిందేమో చూసే అలవాటు చేసుకోండి.

ఒకే గొట్టం అయితే నీటిని ముందు ఈఎస్‌సీకి, తర్వాత మోటార్‌కు పంపండి. ఈఎస్‌సీ తక్కువ వేడినే తట్టుకుంటుంది, దానికి చల్లటి నీళ్లు కావాలి. నీళ్లు తీసుకునే ముక్కు ప్రొపెల్లర్ వెనక ఉంటే, అది తోసే నీరే ఒత్తిడితో లోపలికి వస్తుంది. ఉప్పునీటిలో నడిపాక మంచినీళ్లు సిరంజితో పట్టించి కడగండి. ఒడ్డు మీద నీళ్లు లేకుండా పది క్షణాలకు మించి తిప్పొద్దు.

విమానం ముక్కుకు గాలి రంధ్రాలున్నాయి. అయినా మోటార్ ఎందుకు చల్లబడటం లేదు?

లోపలికి వచ్చే రంధ్రం కంటే బయటికి పోయే రంధ్రం పెద్దగా ఉండాలి. సుమారు రెట్టింపు వైశాల్యం మంచి లెక్క. లోపల గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, దారి ఇరుకైతే పేరుకుపోయి కొత్త గాలిని రానివ్వదు. చాలా విమానాల్లో ముందు రంధ్రం పెద్దది చేస్తారు, వెనక ఏమీ చేయరు. ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) కింద, వెనకభాగంలో కోయండి. ముందు నుంచి వచ్చిన గాలి పక్కలకు చెదిరిపోకుండా మోటార్ మీదుగా పోయేలా సన్నటి బాల్సా లేదా ఫోమ్ ముక్కతో దారి మళ్లించండి.

ప్రొపెల్లర్ ఒక్క అంగుళం పెద్దది వేస్తే అంత తేడానా?

అంతే. అదే పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం), అదే చుట్లకు ప్రొపెల్లర్ మింగే శక్తి వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 10×5 (అంగుళాల్లో వ్యాసం×పిచ్) తీసి 11×5 వేస్తే సుమారు 46 శాతం ఎక్కువ. చుట్లు కొంత పడిపోతాయి కాబట్టి నిజంగా పెరిగేది దానికి కాస్త తక్కువ. అయినా అంచున ఉన్న మోటార్‌ను కాల్చడానికి చాలు. ప్రొపెల్లర్ మార్చిన ప్రతిసారీ వాట్‌మీటర్ పెట్టి, విమానాన్ని గట్టిగా పట్టుకుని, కొన్ని క్షణాలు ఫుల్ త్రాటిల్ ఇచ్చి ఆంపియర్లు చూడండి. నేల మీద ఎక్కువసేపు అలా ఉంచొద్దు: గాల్లో ఎగిరేటప్పటి కంటే కరెంటు ఎక్కువ, చల్లబరిచే గాలి తక్కువ.

డ్రోన్ దిగాక ఒక్క మోటారే వేడిగా ఉంటోంది. నాలుగూ వేడిగా ఉంటే?

ఒక్కటే అయితే ఆ మూలనే వెతకండి: వంగిన ప్రొపెల్లర్, గరగరమనే బేరింగ్, గిన్నెలో ఇరుక్కున్న వెంట్రుక లేదా ఇసుక. నాలుగూ కాలుతుంటే ట్యూనింగ్‌ను అనుమానించండి. పీఐడీలో (డ్రోన్‌ను నిలకడగా ఉంచే సెట్టింగుల్లో) ‘డీ’ విలువ ఎక్కువైతే, వణుకునంతా సరిదిద్దబోయి కంట్రోలర్ మోటార్లను క్షణక్షణం వేగం మార్చమంటుంది. కంటికి ఎగరడం బాగానే కనబడుతుంది, మోటార్లు మాత్రం ఉడికిపోతాయి. ట్యూన్ మార్చినప్పుడల్లా అర నిమిషం ఎగరేసి, దించి, నాలుగింటినీ ముట్టుకుని చూడండి.

## వేడెక్కిపోయాక

వెంటనే నీళ్లు పోయొచ్చా? ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

రెండూ వద్దు. నీళ్లు బేరింగ్‌లోకి దిగి గ్రీజును కొట్టుకుపోతాయి, తుప్పు మొదలవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక లోపలంతా చెమ్మ పడుతుంది. బాడీ తీసి, ఫ్యాను గాలి తగలనివ్వండి.

మోటార్ అయస్కాంతం పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

చేత్తో షాఫ్ట్ తిప్పితే కొత్తలో తగిలిన ‘టక్ టక్’ పట్టు బలహీనపడి ఉంటుంది. ఇంకో లక్షణం చాలామందిని మోసం చేస్తుంది: లోడ్ లేకుండా మోటార్ ముందుకంటే వేగంగా తిరుగుతుంది. అయస్కాంతం బలం తగ్గితే కేవీ పెరుగుతుంది మరి. కానీ అదే లాగుడుకు ఎక్కువ కరెంటు కావాలి, కాబట్టి ఇకనుంచి ఇంకా త్వరగా వేడెక్కుతుంది. గిన్నెనో రోటార్‌నో మార్చగలిగిన మోటార్ అయితే అది ఒక్కటీ మార్చండి. లేదంటే ఆ మోటార్‌తో పోరు మానుకోవడమే నయం. కాలిన వార్నిష్ వాసన కూడా వచ్చిందంటే తీగచుట్ట కూడా పోయినట్టే.

మోటార్ చల్లగానే ఉంది, ఈఎస్‌సీ మాత్రం మాడిపోతోంది. ఎందుకు?

సగం త్రాటిల్‌లో ఎక్కువసేపు నడిపితే ఈఎస్‌సీ స్విచింగ్‌లో వేడి పెరుగుతుంది. క్రాలర్‌లో డ్రాగ్ బ్రేక్ (త్రాటిల్ వదలగానే పడే బ్రేక్) గట్టిగా పెట్టుకున్నా అంతే. నీళ్లు తగలకూడదని ఈఎస్‌సీని బెలూన్‌లో చుట్టేవాళ్లున్నారు. నీటితో పాటు గాలినీ ఆపేస్తారు. ఫ్యాను తిరుగుతోందో చూడండి, రెక్కల్లో చేరిన దుమ్మును బ్రష్‌తో తీయండి. ఎయిర్ బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి, అతివేగంగా తిప్పితే దాని బేరింగ్ పోతుంది.

గేరు తగ్గించాను, ఫ్యాను పెట్టాను, అయినా 85 తగ్గడం లేదు. ఇంకేం చూడాలి?

పినియన్‌ను స్పర్ నుంచి విడదీసి బండిని నేల మీద తోయండి. స్వేచ్ఛగా దొర్లాలి. ఎక్కడైనా పట్టేస్తే చక్రాల బేరింగ్‌లు, డిఫరెన్షియల్, ఇరుసుకు చుట్టుకున్న గడ్డి, ఈ వరుసలో చూడండి. సెన్సర్డ్ మోటార్ (తిరిగే భాగం స్థానాన్ని చెప్పే సెన్సర్ ఉన్నది) అయితే ఎండ్‌బెల్ మీది టైమింగ్ (తీగచుట్టకు కరెంటు ఎంత ముందుగా అందాలో చెప్పే కోణం) గుర్తు ఎక్కడుందో చూసి ఐదేసి డిగ్రీలు తగ్గించండి. ఈఎస్‌సీలో బూస్ట్, టర్బో (టైమింగ్‌ను ఇంకా పెంచే సెట్టింగులు) ఆన్‌లో ఉంటే సున్నా చేయండి. ఎండ్‌బెల్ టైమింగ్‌కు అవి తోడైతే మోటార్ చుట్లు పెరుగుతాయి, కరెంటు కూడా. ఆఖర్న మోటార్ నుంచి వచ్చే మూడు తీగలను ముట్టుకోండి. ఒక తీగ కనెక్టర్ దగ్గర మిగతా వాటికంటే వేడిగా ఉంటే అక్కడి టంకం సరిగా పట్టలేదు. దాన్ని కరిగించి కొత్తగా పెట్టండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా 85 దగ్గరే ఆగిందంటే ఆ బండి బరువుకు ఆ మోటార్ చిన్నది. 540 తీసేసి, చాసిస్‌లో చోటుంటే అదే వ్యాసంలో పొడవెక్కువ ఉన్న 550 వేయండి.